పాఠం 12: విషపదార్థాలు – మంచినీటి చిన్న జీవుల కణ శ్వాసక్రియ

12.0 పరిచయం

మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళితే, చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి ఆయాసపడుతుండడం మీలో చాలామంది చూసే ఉంటారు. రాత్రంతా నీటిమొక్కలు, జంతువులు, కుళ్ళే చెత్తలోని సూక్ష్మజీవులు కలిసి నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఎండ లేనందువల్ల మొక్కలు దాన్ని తిరిగి భర్తీ చేయలేవు. అందుకే చేపలకు ఊపిరాడదు.

ఇప్పుడు మరొక సందర్భం ఆలోచించండి. పట్టపగలు, మంచి ఎండలో, నీటిలో కావలసినంత ఆక్సిజన్ ఉండగానే చెరువులోని నత్తలు, నీటి ఈగలు, చిన్న పురుగులు కదలిక లేకుండా పడిపోయాయి. నీటిని పరీక్షిస్తే ఆక్సిజన్‌కు లోటు లేదు. మరి అవి ఎందుకు చనిపోయాయి?

ఈ ప్రశ్నకు జవాబు చెరువులో దొరకదు. ఆ జీవుల కణాల లోపల వెతకాలి. నీటిలో ఆక్సిజన్ ఉండడం వేరు, కణం దాన్ని వాడుకోగలగడం వేరు. ఈ పాఠం మొత్తంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

12.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• కణంలో ఆహారం ఆక్సీకరణం చెంది శక్తి ఎలా విడుదలవుతుందో వివరించగలుగుతారు.
• ఈ అధ్యయనానికి ప్లనేరియా, హైడ్రా, డాఫ్నియా, నత్త వంటి జీవులు ఎందుకు అనువైనవో చెప్పగలుగుతారు.
• విషపదార్థాలు కణ శ్వాసక్రియను దెబ్బతీసే మూడు విధాలను వేరుచేసి చూపగలుగుతారు.
• పొలంలో వాడే మందులకు, చెరువులోని జీవులకు గల సంబంధాన్ని గుర్తించి తగిన జాగ్రత్తలు తీసుకోగలుగుతారు.

12.2 కణంలో ఏమి జరుగుతుంది?

మనం తిన్న అన్నమైనా, నత్త తిన్న పాచి అయినా చివరకు గ్లూకోజ్ వంటి చిన్న అణువులుగా మారి కణాన్ని చేరుతుంది. కణంలో దాని ఆక్సీకరణం మూడు దశలలో జరుగుతుంది.

మొదటి దశ గ్లైకాలసిస్. ఇది కణద్రవ్యంలో జరుగుతుంది. దీనికి ఆక్సిజన్ అవసరం లేదు. ఒక గ్లూకోజ్ అణువు నుంచి నికరంగా 2 ఏటీపీ అణువులు మాత్రమే లభిస్తాయి. ఏటీపీ అంటే కణం ఎప్పటికప్పుడు ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం అనుకోండి.

రెండవ దశ క్రెబ్స్ వలయం. ఇది మైటోకాండ్రియాలో జరుగుతుంది. ఇక్కడ కార్బన్ డై ఆక్సైడ్ విడుదలవుతుంది. ఆహారంలోని ఎలక్ట్రాన్లను వాహక అణువులు అందుకుంటాయి.

మూడవ దశ ఎలక్ట్రాన్ రవాణా శృంఖలం. ఇది మైటోకాండ్రియా లోపలి త్వచంలో ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ సముదాయం నుంచి మరొకదానికి చేతులు మారుతూ చివరకు సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును చేరతాయి. అది వాటిని ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఆక్సిజన్ నీరుగా మారుతుంది. మనం పీల్చే ఆక్సిజన్‌లో చాలా భాగం ఈ ఒక్క మెట్టు దగ్గరే ఖర్చవుతుంది.

మూడు దశలూ పూర్తయితే ఒక గ్లూకోజ్ అణువు నుంచి మొత్తం సుమారు 30 నుంచి 32 ఏటీపీ అణువులు లభిస్తాయి. పాత పుస్తకాలలో 36 లేదా 38 అని మీరు చదివి ఉండవచ్చు. ఆ తరువాతి కొలతల వల్ల ఈ సంఖ్య తగ్గింది.

మూడవ దశలో ఏటీపీ ఎలా తయారవుతుందో ఒక పోలిక ద్వారా చూద్దాం. ఏతంతో నీళ్ళు తోడి ఎత్తయిన మడిలో పోస్తున్నారు. ఆ మడికి ఒకటే తూము. తూము గుండా కిందికి దూకే నీటి ఒరవడికి ఒక చక్రం తిరుగుతుంది. ఎలక్ట్రాన్ల ప్రయాణం ఏతం వంటిది. అది తోడిపోసే నీళ్ళు హైడ్రోజన్ అయాన్లు. మడి గట్టు మైటోకాండ్రియా లోపలి త్వచం. తూము దగ్గరి చక్రం ఏటీపీని తయారుచేసే ఎంజైము. ఈ భావనను పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించారు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ పోలికను గుర్తుపెట్టుకోండి. విషాల పనితీరు తెలుసుకోవడానికి ఇది మళ్ళీ అవసరమవుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 12.1

1. గ్లైకాలసిస్‌లో నికరంగా ఎన్ని ఏటీపీ అణువులు లభిస్తాయి?
2. ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించే ఎంజైము ఏది?
3. పై పోలికలో మడి గట్టు దేనిని సూచిస్తుంది?

12.3 చిన్న జీవులనే ఎందుకు ఎంచుకుంటారు?

మనిషి శరీరంలో ఆక్సిజన్ కణాన్ని చేరాలంటే ముక్కు, ఊపిరితిత్తులు, రక్తం, గుండె అన్నీ పనిచేయాలి. వీటిలో ఏది దెబ్బతిన్నా కణానికి ఆక్సిజన్ అందదు. కాబట్టి లోపం ఎక్కడుందో తేల్చడం కష్టం.

ప్లనేరియా అనే బల్లపరుపు పురుగును చూడండి. దానికి మొప్పలు లేవు, రక్తం లేదు, గుండె లేదు. ఆక్సిజన్ చర్మం గుండా విసరణ ద్వారా నేరుగా కణాలకు చేరుతుంది. హైడ్రా శరీరంలో ప్రధానంగా రెండే కణపొరలు ఉంటాయి. అందువల్ల ఇటువంటి జీవి వాడుకునే ఆక్సిజన్‌ను కొలిస్తే, దాదాపు దాని కణాల శ్వాసక్రియను కొలిచినట్లే.

డాఫ్నియాను నీటి ఈగ అంటారు. ఇది 1 నుంచి 5 మిల్లీమీటర్ల పొడవుండే పీతజాతి జీవి. దీని శరీరం పారదర్శకం. కొట్టుకుంటున్న గుండెను మామూలు సూక్ష్మదర్శినితోనే చూడవచ్చు.

మంచినీటి జీవులకు మరొక ప్రత్యేకత ఉంది. వాటి శరీర ద్రవాలలో లవణాలు బయటి నీటిలో కంటే ఎక్కువ. అందువల్ల ద్రవాభిసరణం ద్వారా నీరు నిరంతరం లోపలికి చొరబడుతూనే ఉంటుంది. పారమీషియం తన సంకోచ రిక్తికలతోను, ప్లనేరియా తన జ్వాలా కణాలతోను ఆ నీటిని బయటికి పంపుతుంటాయి. లవణాలను నిలుపుకోవడానికీ, నీటిని బయటికి నెట్టడానికీ ఏటీపీ కావాలి. ఏటీపీ ఆగిపోతే కణాలు ఉబ్బి, చివరకు చిట్లిపోతాయి. మంచినీటి జీవికి శక్తి ఆగడమంటే కదలిక ఆగడం మాత్రమే కాదు, శరీరమే విచ్ఛిన్నం కావడం.

ఒక అంకె గమనించండి. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు మంచినీటిలో కరగగల ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. నీటిజీవి బతుకు ఇంత కొద్దిపాటి ఆక్సిజన్ మీద ఆధారపడి ఉంటుంది.

12.4 మొదటి విధం: దారి మూసివేసే విషాలు

20వ శతాబ్ది రెండవ దశకంలో షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ మానింగ్ చైల్డ్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ప్లనేరియాలను పొటాషియం సైనైడ్ ద్రావణంలో ఉంచి పరిశీలించారు. పురుగు శరీరమంతా ఒకేసారి నశించలేదు. ముందుగా తల భాగం విచ్ఛిన్నమై, ఆ తరువాత క్రమంగా వెనుక భాగాలు విచ్ఛిన్నమయ్యాయి. తల భాగంలో జీవక్రియల వేగం ఎక్కువ కనుక అక్కడ దెబ్బ ముందుగా కనిపించిందని ఆయన వివరించారు. శక్తి అవసరం ఎక్కువగా ఉన్నచోటే శక్తి కొరత ముందుగా తెలుస్తుంది కదా!

చైల్డ్ శిష్యురాలు లిబ్బీ హైమన్ మరొక అడుగు ముందుకు వేశారు. సైనైడ్‌లో ప్లనేరియా వాడుకునే ఆక్సిజన్ నిజంగా తగ్గుతున్నదా అని ఆమె కొలిచి చూశారు. మూత బిగించిన సీసాలో పురుగులను ఉంచి, మొదట ఉన్న ఆక్సిజన్‌కు, కొంతసేపటి తరువాత మిగిలిన ఆక్సిజన్‌కు గల తేడాను కనుక్కోవడమే ఇటువంటి కొలతలోని కిటుకు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే రసాయన పద్ధతిని లాయోష్ విన్‌క్లర్ 1888లోనే రూపొందించారు. సైనైడ్ ప్లనేరియా ఆక్సిజన్ వినియోగాన్ని తగ్గిస్తుందని హైమన్ 1919లో ప్రకటించారు.

కారణం ఆ తరువాత స్పష్టమైంది. శ్వాసక్రియలో పాల్గొనే ఇనుముగల ఎంజైముపై పరిశోధనకు ఆటో వార్బర్గ్ 1931లో నోబెల్ బహుమతి పొందారు. సైటోక్రోమ్‌ల పాత్రను డేవిడ్ కైలిన్ 1925లో వెల్లడించారు. సైనైడ్ వెళ్ళి సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌లోని ఇనుముకు అంటుకుంటుంది. ఇక ఆ ఎంజైము ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించలేదు. శృంఖలం మొత్తం స్తంభించిపోతుంది. మన పోలికలో చెప్పాలంటే ఏతం ఆగిపోయింది. చుట్టూ ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం దాన్ని ముట్టుకోలేదు.

ఆ సమయంలో కణం గ్లైకాలసిస్ మీద ఆధారపడుతుంది. కాని 30 ఏటీపీలు రావలసిన చోట 2 మాత్రమే వస్తే ఎంతకాలం గడుస్తుంది?

రోటినోన్ కూడా ఈ తరగతికి చెందినదే. డెర్రిస్ వంటి మొక్కల వేళ్ళలో లభించే ఈ విషంతో అనేక ప్రాంతాల ప్రజలు చేపలు పట్టేవారు. ఇది శృంఖలం మొదటి మెట్టు దగ్గర ఎలక్ట్రాన్లను అడ్డుకుంటుంది.

12.5 రెండవ విధం: గట్టుకు గండికొట్టే విషాలు

ఇప్పుడు మడి గట్టుకు గండి పడిందనుకోండి. ఏతం ఆగలేదు. తోడిన నీళ్ళు తూము వైపు పోకుండా గండిలోంచి జారిపోతున్నాయి. చక్రం తిరగడం లేదు. మడి నిండడం లేదు కనుక ఏతం మునుపటికంటే వేగంగా పనిచేస్తుంది.

డైనైట్రోఫినాల్, పెంటాక్లోరోఫినాల్ వంటి రసాయనాలు మైటోకాండ్రియాలో సరిగ్గా ఈ పనే చేస్తాయి. హైడ్రోజన్ అయాన్లను త్వచం గుండా దొంగదారిన దాటిస్తాయి. అప్పుడు ఆక్సిజన్ వినియోగం పెరుగుతుంది, ఏటీపీ మాత్రం తగ్గుతుంది. విడుదలైన శక్తి వేడిగా వృథా అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జీవి ఆక్సిజన్ ఎక్కువగా వాడుకుంటున్నది కాబట్టి అది చురుకుగా, ఆరోగ్యంగా ఉందని అనుకోకూడదు. ఒక్క ఆక్సిజన్ కొలతతోనే తీర్పు చెప్పలేము.

ఈ గుణాన్ని మనుషులు మేలుకు వాడుకున్నారు, కీడు కూడా తెచ్చుకున్నారు. ఆఫ్రికాలో బిల్హార్జియా వ్యాధిని వ్యాపింపజేసే మంచినీటి నత్తలను చంపడానికి నిక్లోసమైడ్ వాడతారు. లీటరు నీటికి సుమారు 1 మిల్లీగ్రాము చాలు. అది కూడా నత్తల మైటోకాండ్రియాలో ఈ గండినే కొడుతుంది. మరొకవైపు, 1930లలో అమెరికాలో బరువు తగ్గడానికి డైనైట్రోఫినాల్‌ను మందుగా మింగారు. ఒళ్ళు విపరీతంగా వేడెక్కి కొందరు మరణించారు. 1938లో దాన్ని మనుషులు వాడరాదని నిషేధించారు. నత్త మైటోకాండ్రియా, మనిషి మైటోకాండ్రియా ఒకే సూత్రం మీద పనిచేస్తాయనడానికి ఇంతకంటే చేదు రుజువు అక్కరలేదు. పెంటాక్లోరోఫినాల్‌ను 2015లో స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం తొలగించవలసిన రసాయనాల జాబితాలో చేర్చారు.

12.6 మూడవ విధం: పనిముట్లను పాడుచేసే విషాలు

పాదరసం, కాడ్మియం వంటి భారలోహాలు అనేక ఎంజైములలోని గంధకం ఉన్న భాగాలకు అంటుకుని వాటి ఆకారాన్ని చెడగొడతాయి. దెబ్బ ఒక్క మెట్టుకే పరిమితం కాదు. క్రెబ్స్ వలయం, ఎలక్ట్రాన్ శృంఖలం రెండూ మందగించవచ్చు. రాగి వంటి లోహాలు అవసరానికి మించితే, ఆక్సిజన్ నుంచి అతిచురుకైన అణువులు పుట్టి త్వచాలలోని కొవ్వును, ప్రోటీన్లను దెబ్బతీస్తాయి. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. కెటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైములు కొంతవరకు రక్షణ ఇస్తాయి. విషం మోతాదు పెరిగితే అవీ చాలవు.

విషం నీటిలోకి చేరిన తరువాత ఏమవుతుందన్నది కూడా ముఖ్యమే. 2000 జనవరి 30న రొమేనియాలోని బాయా మారే దగ్గర బంగారం శుద్ధిచేసే కర్మాగారపు వ్యర్థజలాల కట్ట తెగింది. సుమారు 1,00,000 ఘనపు మీటర్ల సైనైడ్ నీరు సోమెష్, టిసా నదుల మీదుగా డాన్యూబ్ వైపు ప్రవహించింది. విషపు నీరు దాటిపోతున్న చోటల్లా చేపలు పెద్దఎత్తున చనిపోయాయి, ప్లవక జీవులు దాదాపు పూర్తిగా కనుమరుగయ్యాయి. అయితే ఎగువనుంచి శుభ్రమైన నీరు రాగానే ప్లవక జీవులు కొద్ది రోజుల్లోనే తిరిగి కనిపించాయి. భారలోహాల సంగతి అలా కాదు. అవి విచ్ఛిన్నం కావు. అడుగు బురదలో చేరి, ఆల్చిప్పల, పురుగుల శరీరాల్లోకి ఏళ్ళ తరబడి వెళుతూనే ఉంటాయి.

మూడు విధాలను పోల్చి చూద్దాం:

• సైనైడ్, రోటినోన్: ఆక్సిజన్ వినియోగం తగ్గుతుంది. ఏటీపీ తగ్గుతుంది.
• డైనైట్రోఫినాల్, నిక్లోసమైడ్: ఆక్సిజన్ వినియోగం పెరుగుతుంది. ఏటీపీ తగ్గుతుంది.
• పాదరసం, కాడ్మియం: ఎంజైములు పాడై ఆక్సిజన్ వినియోగం సాధారణంగా తగ్గుతుంది. ఏటీపీ తగ్గుతుంది.

మూడింటిలోనూ చివరి ఫలితం ఒకటే కావడం గమనించారా?

పాఠ్యగత ప్రశ్నలు 12.2

1. సైనైడ్ ఏ ఎంజైమును అడ్డుకుంటుంది?
2. ఆక్సిజన్ వినియోగం పెరిగినా ఏటీపీ తగ్గేది ఏ రకం విషం వల్ల?
3. భారలోహాల ప్రభావం ఎక్కువకాలం ఎందుకు ఉంటుంది?

12.7 జీవిలో మార్పును ఎలా గుర్తిస్తారు?

హైడ్రాను విషపు నీటిలో ఉంచితే ముందుగా స్పర్శకాల కొనలు గుండ్రంగా ఉబ్బుతాయి. తరువాత స్పర్శకాలు, శరీరం కుంచించుకుపోతాయి. చివరకు విచ్ఛిన్నమవుతుంది. తొలి దశలలో మంచినీటికి మారిస్తే తేరుకోగలదు.

డాఫ్నియాతో చేసే పరీక్ష అనేక దేశాలలో ప్రామాణికంగా ఉంది. పుట్టి 24 గంటలు దాటని పిల్లలను వేర్వేరు మోతాదుల ద్రావణాలలో 48 గంటలు ఉంచుతారు. పాత్రను మెల్లగా కదిపిన తరువాత 15 సెకన్లలో ఈదనివాటిని చలనం కోల్పోయినవిగా లెక్కిస్తారు. సగం జీవుల చలనం ఆగే మోతాదును ఈసీ 50 అంటారు.

పిలా గ్లోబోసా అనే నత్త మన చెరువులలో, వరిమళ్ళలో కనిపిస్తుంది. దీనికి మొప్ప, గాలి పీల్చే సంచి రెండూ ఉంటాయి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ నత్తపైన, లామెల్లిడెన్స్ అనే మంచినీటి ఆల్చిప్పపైన కీటకనాశకాల ప్రభావాన్ని అధ్యయనం చేశారు. ఇటువంటి అధ్యయనాలలో సక్సినేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము చురుకుదనాన్ని కొలుస్తారు. అది క్రెబ్స్ వలయానికి చెందినది. అది తగ్గి, లాక్టిక్ ఆమ్లం పెరిగితే కణం ఆక్సిజన్ లేని శ్వాసక్రియ వైపు మళ్ళిందని గ్రహిస్తారు. నత్త తన మూత బిగించుకున్నా ఆక్సిజన్ వినియోగం తగ్గుతుంది. అందువల్లనే జీవి మొత్తాన్ని కొలవడంతో ఆగకుండా కణజాలాన్ని కూడా విడిగా పరీక్షిస్తారు.

కృత్యం 12.1

రెండు వెడల్పాటి గాజు పాత్రలు తీసుకోండి. ఒకదానిలో చెంబుతో ఎత్తినుంచి పలుమార్లు తిరగపోసిన చెరువు నీరు, రెండవదానిలో మరిగించి, కదపకుండా చల్లార్చిన చెరువు నీరు పోయండి. మరిగించిన నీటిలో ఆక్సిజన్ తక్కువ. రెండు పాత్రల నీరూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాత ఒక్కొక్క దానిలో ఒక నత్తను వదలండి. అరగంటలో ఏ నత్త ఎన్నిసార్లు గాలికోసం పైకి వచ్చిందో రాసుకోండి. వేర్వేరు నత్తలతో రెండు మూడుసార్లు చేసి పోల్చండి. తరువాత నత్తలను చెరువులో వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ కృత్యంలో ఎటువంటి విషపదార్థాన్నీ వాడకూడదు.

నీటిలో ఆక్సిజన్ తగ్గితే నత్తకు పైకి వచ్చే దారి ఉంది. కణంలోని దారే మూసుకుపోతే, పైకి వచ్చి ఎంత గాలి పీల్చినా దానికి ఉపయోగం లేదు.

12.8 పొలానికీ చెరువుకూ మధ్య

కీటకనాశకాలన్నీ కణ శ్వాసక్రియను దెబ్బతీయవు. మోనోక్రోటోఫాస్ వంటివి ప్రధానంగా నాడులపై పనిచేస్తాయి. కాని మిరప తోటలో నల్లికి కొట్టే ఫెన్‌పైరాక్సిమేట్ ఎలక్ట్రాన్ శృంఖలం మొదటి మెట్టును అడ్డుకుంటుంది. క్లోర్‌ఫెనపైర్ పురుగు శరీరంలో మార్పు చెంది గట్టుకు గండికొడుతుంది. తెగుళ్ళకు వాడే అజాక్సీస్ట్రోబిన్ శృంఖలం మధ్యలో అడ్డుపడుతుంది. నల్లికీ డాఫ్నియాకూ ఉన్నది ఒకే రకమైన మైటోకాండ్రియా. మందుకు శత్రువెవరో, మిత్రుడెవరో తెలియదు.

మందు డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఒకటి ఉంటుందని మీకు తెలుసు. ప్రయోగశాల జంతువుల నోటి ద్వారా, చర్మం ద్వారా లోపలికి వెళ్ళినప్పుడు ఎంత మోతాదు ప్రాణం తీస్తుందో చూసి ఆ రంగును నిర్ణయిస్తారు. నీటిజీవులను చూసి కాదు. కాబట్టి ఆకుపచ్చ త్రికోణం ఉన్నంత మాత్రాన ఆ మందు చెరువుకు హాని చేయదని అనుకోరాదు.

డాఫ్నియా పాచిని తింటుంది. చేపపిల్ల డాఫ్నియాను తింటుంది. ఆ చేప మన పళ్ళెంలోకి వస్తుంది. డాఫ్నియా పోతే నీటిలో పాచి పెరుగుతుంది, చేపపిల్లలకు మేత తగ్గుతుంది. అందువల్ల ఈ జాగ్రత్తలు పాటించండి:

• స్ప్రేయరును, మందు కలిపిన బకెట్లను చెరువులో, కాలువలో, బావి దగ్గర కడగవద్దు. కడిగిన నీటిని చెరువుకు దూరంగా అదే పొలంలో పోయండి.
• చెరువు గట్టు పక్కన కొంత మేర మందు కొట్టకుండా వదలండి.
• గాలి చెరువు వైపు వీచేటప్పుడు, వాన వచ్చేట్లున్నప్పుడు పిచికారీ చేయవద్దు.
• ఖాళీ డబ్బాలను నీళ్ళకు, వంటకు వాడవద్దు, నీటిలో పారేయవద్దు.
• చెరువులో నత్తలు, చేపలు ఉన్నట్టుండి చనిపోతే ఆ నీటిని పశువులకు తాగించకుండా, చేపలను తినకుండా వెంటనే పంచాయతీకి, మత్స్యశాఖ అధికారులకు తెలియజేయండి.

12.9 మీరు ఏమి నేర్చుకున్నారు?

• కణంలో ఆహారం ఆక్సీకరణం చెందినప్పుడు విడుదలైన శక్తి ఏటీపీగా నిల్వ అవుతుంది. ఇందులో ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో తయారవుతుంది.
• సరళ నిర్మాణంగల మంచినీటి జీవులలో ఆక్సిజన్ వినియోగం కణ శ్వాసక్రియకు దగ్గరి కొలత.
• విషాలు శృంఖలాన్ని మూసివేయవచ్చు, త్వచానికి గండికొట్టవచ్చు, ఎంజైములను పాడుచేయవచ్చు. మూడింటిలోనూ ఏటీపీ తగ్గుతుంది.
• ఏటీపీ తగ్గితే మంచినీటి జీవి లోపలికి చొరబడే నీటిని బయటికి పంపలేదు.
• నీటిలో ఆక్సిజన్ ఉన్నంత మాత్రాన ఆ నీరు జీవులకు సురక్షితమని చెప్పలేము.

12.10 పాఠాంత ప్రశ్నలు

1. సైనైడ్, డైనైట్రోఫినాల్ పనిచేసే విధానాలలోని తేడాను ఏతం, మడి పోలికతో వివరించండి.
2. కణ శ్వాసక్రియ అధ్యయనానికి ప్లనేరియా ఎందుకు అనువైనది?
3. ఒక చెరువులో నీటిజీవులు చనిపోయాయి. నీటిలో ఆక్సిజన్ లీటరుకు 7 మిల్లీగ్రాములు ఉంది. ఏ కారణాలను అనుమానిస్తారు? ఇంకా ఏమేమి పరీక్షించాలంటారు?
4. మీ ఊరి చెరువులోకి పొలాలనుంచి నీరు చేరే దారులను పటం గీసి, ఏ దారి దగ్గర ఏ జాగ్రత్త అవసరమో రాయండి.

12.11 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

12.1: 1. రెండు. 2. సైటోక్రోమ్ ఆక్సిడేజ్. 3. మైటోకాండ్రియా లోపలి త్వచాన్ని.

12.2: 1. సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను. 2. డైనైట్రోఫినాల్ వంటి, త్వచానికి గండికొట్టే విషం వల్ల. 3. అవి విచ్ఛిన్నం కాకుండా అడుగు బురదలో నిలిచిపోయి జీవుల శరీరాల్లోకి చేరుతూ ఉంటాయి కనుక.